సిపాయి సమాధానాలు: పటాలాల పేర్లు, అంకెలు, మనుషులు

(మద్రాస్ రెజిమెంటులో సుబేదార్ మేజర్‌గా పదవీ విరమణ చేసిన మా శీర్షికకర్త, సైన్యంలో దళాలు పుట్టడం, కలవడం, రూపు మారడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులిస్తున్నారు. – సంపాదకులు)

ప్రశ్న: మా ఆఫీసులో ఉత్తరాఖండ్ నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన ఉన్నారు. తన తాతగారు పనిచేసిన కుమావూ రెజిమెంటు పేరు ఒకప్పుడు హైదరాబాద్ రెజిమెంటు అని ఆయన అంటే అందరం నవ్వేశాం. ఆయన మాత్రం పట్టు వదలడం లేదు. అలా ఎలా అవుతుంది? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

నవ్వినవాళ్ళంతా కలిసి ఆయనకు ఒక విందు బాకీ ఉన్నారమ్మా. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 1945 అక్టోబరు 27 వరకు దాని పేరు 19వ హైదరాబాద్ రెజిమెంటే.

ముందు ఒక చిక్కు విప్పాలి. హైదరాబాద్ సైన్యం అనగానే మనవాళ్ళకు నిజాం సొంత సైన్యం గుర్తుకొస్తుంది. దాని కథ వేరు. 1948 సెప్టెంబరులో మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి దళాలు హైదరాబాద్ వైపు కదిలాక అయిదు రోజుల్లో అంతా ముగిసింది. నిజాం సైన్యాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయారు. ఆ సైన్యం తర్వాత మిగల్లేదు. మీ సహోద్యోగి తాతగారిది ఆ సైన్యం కాదు.

నిజాం రాజ్యంలో ఇంకొక సైన్యం ఉండేది. జీతం నిజాం ఖజానా నుంచి, హుకుం బ్రిటిష్ అధికారుల నుంచి. 1811 నుంచి 1820 వరకు హైదరాబాదులో రెసిడెంటుగా, అంటే బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న హెన్రీ రస్సెల్ దీన్ని నిలబెట్టాడు కాబట్టి మొదట్లో రస్సెల్ బ్రిగేడ్ అన్నారు. ఎలిచ్‌పూర్, అంటే ఇప్పటి అచల్‌పూర్ నవాబు సలాబత్ ఖాన్ పెట్టిన పటాలాలు (బెటాలియన్లు) కూడా ఇందులో కలిశాయి. చివరికి హైదరాబాద్ కంటింజెంట్ అన్న పేరు స్థిరపడింది. బొల్లారం వీళ్ళ ముఖ్య కంటోన్మెంటు. ఈ సైన్యం జీతాల బకాయి పెరిగిపోయిందన్న లెక్క చూపించే 1853 ఒప్పందంలో బీరార్ ప్రాంతాన్ని బ్రిటిష్‌వాళ్ళు తమ చేతుల్లోకి తీసుకున్నారు. తన మీద పెత్తనం చేసే సైన్యానికి తానే జీతమిచ్చి, ఆ జీతం బాకీ కింద జిల్లాలు వదులుకోవడం అంటే ఏమిటో నిజాముకే తెలియాలి.

1903లో భారత సైన్య సర్వాధికారి కిచనర్ దేశంలోని సైన్యాలన్నింటికీ ఒకే వరస అంకెలు వేసినప్పుడు కంటింజెంట్ పదాతి పటాలాలకు 94 నుంచి 99 వరకు వచ్చాయి. 94వ రస్సెల్స్, 96వ బీరార్, ఇలా. 1922లో మళ్ళీ కలిపి కుట్టి 19వ హైదరాబాద్ రెజిమెంటు చేశారు. అయితే అప్పటికే భర్తీ ఉత్తరానికి మళ్ళింది. కుమావూ కొండలవాళ్ళు, జాట్లు, అహీర్లు వచ్చి చేరారు. దక్కన్ వాళ్ళు పల్చబడుతూ పోయారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి హైదరాబాద్ అన్నది టోపీ మీది బిళ్ళలో మిగిలిన పేరు మాత్రమే. దాన్ని కూడా మార్చేశారు. ఇప్పుడు ఆ రెజిమెంటు సెంటర్, అంటే శిక్షణ కేంద్రం, రాణీఖేత్‌లో ఉంది.

1947 నవంబరు 3న బడ్గాంలో ప్రాణమిచ్చి తొలి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ 4 కుమావూ, అంటే కుమావూ రెజిమెంటు నాలుగో పటాలం అధికారి. ఆయన కమిషన్ పొందింది హైదరాబాద్ రెజిమెంటులో. జనరల్ తిమ్మయ్య, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన జనరల్ శ్రీనగేశ్ కూడా ఆ రెజిమెంటు మనుషులే. ఈ సంగతి మీ ఆఫీసులో చెప్పండి. కంటింజెంట్ గుర్రపు దళం వారసత్వం కూడా నిలిచే ఉంది. దక్కన్ హార్స్ అన్న పేరుతో ఇప్పుడు ట్యాంకులు నడుపుతోంది.

ప్రశ్న: మద్రాస్ రెజిమెంటు దేశంలో అతి పాత పదాతి రెజిమెంటు అంటారు. దాన్ని 1920లలో రద్దు చేశారని కూడా చదివాను. దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికిరారని చేశారా? రద్దయినది పాతది ఎలా అవుతుంది? – డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

ఈ ప్రశ్నకు కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటాను. సంపాదకులు క్షమించాలి.

1857 నాటికి మద్రాసు సైన్యంలో పదాతి పటాలాలు 52. సిపాయిల్లో మన సర్కారు జిల్లాల వాళ్ళు, తమిళులు, ముస్లింలు ఉండేవారు. స్ట్రింగర్ లారెన్స్ 1750లలో చెదురుమదురు సిపాయి కంపెనీలను పటాలాలుగా మలచడంతో ఈ చరిత్ర మొదలైంది. కర్ణాటక యుద్ధాలు, మైసూరు యుద్ధాలు, 1803లో అస్సాయే. మా టోపీ బిళ్ళ మీది ఏనుగు ఆ అస్సాయే నుంచి వచ్చిందే. టిప్పు పోయాక, మరాఠాలు తగ్గాక దక్షిణాన పెద్ద యుద్ధం లేదు. పదోన్నతి కోరుకునే బ్రిటిష్ అధికారి వాయవ్య సరిహద్దుకు పరుగెత్తాడు, అక్కడ రష్యా భయం ఉంది కాబట్టి. మిగిలినవాళ్ళు మద్రాసులో మిగిలారు. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి సర్వాధికారిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ ఇక్కడి సిపాయిని చూసి, నాటి సిపాయి వేరు, నేటి సిపాయి వేరు అన్న నిర్ణయానికి వచ్చాడు. తర్వాత ఆయనే మొత్తం భారత సైన్యానికి సర్వాధికారి అయ్యాడు. కొన్ని జాతులే పుట్టుకతో యోధులన్న సిద్ధాంతానికి అలా అధికార ముద్ర పడింది.

నాకు కోపం తెప్పించేది ఆ సిద్ధాంతం ఒక్కటే కాదు, దాన్ని అమలు చేసిన తీరు. చాలా మద్రాసు పటాలాలను రద్దు చేయలేదు. పటాలం అంకె ఉంచారు, జెండా ఉంచారు, మెస్‌లో వెండి ఉంచారు. మద్రాసు సిపాయిలను ఇంటికి పంపి, వాళ్ళ స్థానంలో పంజాబీలను భర్తీ చేశారు. 1903లో మద్రాసు అంకెలకు 60 కలిపారు కాబట్టి 2వ మద్రాసు పటాలం 62వ పంజాబీస్ అయింది. ఇలాంటివి ఒకటా రెండా? 1922లో ఏర్పడిన 1వ పంజాబ్ రెజిమెంటు, 2వ పంజాబ్ రెజిమెంటు రెండింటి పటాలాలూ దాదాపు అన్నీ మూలంలో మద్రాసు తీరంలో పుట్టినవే.

ఆ తీగ పట్టుకుని లాగండి. 62వ పంజాబీస్ 1వ పంజాబ్ రెజిమెంటులో మొదటి పటాలం అయింది. 1947 విభజనలో ఆ రెజిమెంటు పాకిస్తాన్‌కు వెళ్ళింది. పాకిస్తాన్ సైన్యంలో అతి పాతదిగా గర్వంగా చెప్పుకునే 1 పంజాబ్ పటాలం 1759లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు తీరంలో నిలబెట్టిన సిపాయి దళం. 2వ పంజాబ్ మనకు వచ్చింది. అందులో 1761లో పుట్టిన మొదటి పటాలం ఈనాటి 1 పారా, అంటే మన ప్రత్యేక దళాల్లో ఒకటి. రెండో పటాలం 1949లో కరియప్ప నిలబెట్టిన గార్డ్స్‌లో మొదటి పటాలం అయింది. మద్రాసు తీరపు సిపాయిల వరస చూడాలంటే పారావాళ్ళ దగ్గరా, గార్డ్స్ దగ్గరా, సరిహద్దు అవతలా చూడాలి. అంకెలో మాత్రం ఉంది. మనుషుల్లో లేదు.

మిగిలిన నాలుగయిదు మద్రాసు పటాలాలను 1922లో 3వ మద్రాస్ రెజిమెంటు అన్నారు. యుద్ధానంతరం ఖర్చు తగ్గించాలన్న పేరుతో 1923 నుంచి 1928 మధ్య వాటినీ ఎత్తేశారు. ఖర్చు సంగతి నిజమే, ఖజానా ఖాళీగానే ఉంది. కానీ కోత ఎవరి మీద పడాలన్నది ఖజానా నిర్ణయించలేదు.

ఇంతలోనే ఒక విచిత్రం చూడండి. 1780లో పుట్టిన మద్రాస్ శాపర్స్ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వంతెన కట్టేది, మందుపాతర తీసేది వాళ్ళు. అదే ఊళ్ళ నుంచి వచ్చిన అవే మనుషులు. పదాతిలో పిరికివాళ్ళు అయినవాళ్ళు శాపర్స్‌లో ఎలా ధీరులయ్యారో ఆ సిద్ధాంతకర్తలే చెప్పాలి. 1944లో ఇటలీలో మందుపాతరల మధ్య తోటివాళ్ళను కాపాడుతూ ఒక పాతర మీద పడి చనిపోయిన సుబేదార్ సుబ్రమణియన్ మద్రాస్ శాపరే. ఆయనకు మరణానంతరం జార్జ్ క్రాస్ ఇచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక మద్రాస్ రెజిమెంటును మళ్ళీ లేపారు. బర్మాలో పోరాడింది. 1948లో కశ్మీరులో తిథ్వాల్ దగ్గర 1 మద్రాస్ పోరాడింది. స్వాతంత్ర్యం తర్వాత సంస్థానాల సైన్యాలు వచ్చి కలిశాయి. తిరువాన్కూరు నాయర్ పటాలాలు 9, 16 మద్రాస్ అయ్యాయి. కొచ్చిన్ నుంచి 17, మైసూరు నుంచి 18. ఇక మీ రెండో ప్రశ్న. రద్దయినది పాతది ఎలా అవుతుందంటే, సైన్యంలో రద్దయిన పటాలం అంకెను మళ్ళీ లేపితే దాని యుద్ధ గౌరవాలు కూడా లేస్తాయి. అది సైన్యం తనకు తాను రాసుకున్న నియమం. చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు, క్వార్టర్ గార్డులో నిలబడ్డ జవాను ఒప్పుకుంటాడు.

ప్రశ్న: యూనిట్, ఫార్మేషన్ అన్న మాటలు పత్రికల్లో కలగాపులగంగా వాడుతున్నారు. తేడా చెప్పండి. – పోటీ పరీక్షల అభ్యర్థి, అనంతపురం

ఒక కర్నల్ కింద ఒకే వంటశాల, ఒకే ఆయుధాగారం, ఒకే నఫ్రీ (మనుషుల సంఖ్య) లెక్కతో బతికేది యూనిట్. పదాతిలో దాన్ని పటాలం అంటాం, సుమారు 800 మంది. నాలుగు రైఫిల్ కంపెనీలు, కంపెనీకి మూడు ప్లటూన్లు, ప్లటూనుకు మూడు సెక్షన్లు. ట్యాంకులవాళ్ళు, ఫిరంగులవాళ్ళు తమ యూనిట్‌ను రెజిమెంటు అంటారు. పదాతిలో రెజిమెంటు అంటే ఇరవై, ఇరవై అయిదు పటాలాల వంశం. అది యుద్ధానికి ఒకటిగా పోదు. పరీక్షలో ఈ ఒక్క చోటే చాలామంది తడబడతారు.

మూడు పటాలాలు చేరితే బ్రిగేడ్. అక్కడి నుంచి పైవన్నీ ఫార్మేషన్లు: బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్. పటాలం కుటుంబమైతే ఫార్మేషన్ అద్దె ఇల్లు. రెండు మూడేళ్ళకొకసారి మారుతూ ఉంటాం. మారిన ప్రతిసారీ ముందు పని పడేది దర్జీకి. భుజం మీది పాత డివిజన్ గుర్తు విప్పి కొత్తది కుట్టాలి. ఆ తర్వాత పెయింటరుకు, బండ్ల మీది గుర్తుల కోసం.

ప్రశ్న: 1962 చైనా యుద్ధంలో నేఫాలో (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) చెల్లాచెదురైన 4వ డివిజనే 1965లో పంజాబులోని అసల్ ఉత్తర్‌లో పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను ఆపిందని విన్నాను. మూడేళ్ళలో ఓడిన సైన్యం గెలిచే సైన్యం ఎలా అయింది? – విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

మాస్టారూ, డివిజన్ అంటే అద్దె ఇల్లు అని పైన రాశాను. కానీ కొన్ని ఇళ్ళకు కూడా పేరు ఉంటుంది. ఎర్ర గద్ద గుర్తున్న 4వ డివిజన్ అలాంటిది. రెండో ప్రపంచ యుద్ధంలో 1940లో సిదీ బర్రానీ, 1941లో కెరెన్, 1944లో కసీనో పోరాటాలు దానివే. 1947లో పంజాబు సరిహద్దు దళానికి కూడా ఈ డివిజనే ఆధారం.

1959లో దాన్ని పంజాబు మైదానాల నుంచి ఎత్తి ఈశాన్య కొండల్లో పడేశారు. మనుషులూ సరంజామా మైదానానివే. రోడ్డు లేని చోట లారీలు, నూలు దుస్తులతో పద్నాలుగు వేల అడుగులు. 1962 అక్టోబరు 20న నామ్‌కా చూ నది దగ్గర 7వ బ్రిగేడ్ తుడిచిపెట్టుకుపోయింది, బ్రిగేడియర్ దాల్వీ బందీ అయ్యారు. నవంబరులో సేలా, బొమ్డిలా పోయాయి. ఆ డివిజన్‌లో అప్పుడున్న పటాలాల్లో కొన్ని అంతకు కొద్ది రోజుల ముందే వచ్చి చేరాయి. పక్క పటాలం సీఓ (కమాండింగ్ ఆఫీసర్) పేరు కూడా తెలియని పరిస్థితిలో యుద్ధానికి నిలబెట్టారు. జవాన్ల తప్పు అందులో ఎంత?

యుద్ధం తర్వాత సైన్యం కొండల కోసమని ప్రత్యేకంగా డివిజన్లు చేసింది. 4వది మౌంటెన్ డివిజన్ అయింది. లారీలు తగ్గి కంచరగాడిదలు పెరిగాయి, బరువు ఫిరంగుల స్థానంలో విడదీసి మోసుకెళ్ళగలిగేవి వచ్చాయి. ఇంత చేసి 1965లో దాన్ని పంపింది ఎక్కడికి? మళ్ళీ పంజాబు మైదానానికి, పాకిస్తాన్ 1వ ఆర్మర్డ్ డివిజన్ ఎదుటికి! 1962లో మైదానపు దుస్తుల్లో కొండకు, 1965లో కొండ దుస్తుల్లో మైదానానికి. ఏ దళాన్ని ఎక్కడికి పంపాలో నిర్ణయించే కాగితం మీద ఎవరు సంతకం పెట్టారోగానీ, హాస్యప్రియులు.

మొదట్లో అది వెనక్కి తగ్గింది కూడా. ఆ తర్వాత మేజర్ జనరల్ గుర్‌బక్ష్ సింగ్ అసల్ ఉత్తర్ చుట్టూ గట్టిగా రక్షణ వలయం కట్టించారు. కాలువ నీళ్ళు వదిలి పొలాలను బురద చేశారు. చెరకు తోటల్లో ట్యాంకులు, జీపుల మీది రీకాయిల్‌లెస్ గన్లు (ట్యాంకులను కొట్టే తేలిక ఫిరంగులు) దాచారు. 4 గ్రెనేడియర్స్ అబ్దుల్ హమీద్ అక్కడే అమరుడై పరమవీర చక్ర పొందారు. మొదటి ప్రశ్నలో చెప్పిన దక్కన్ హార్స్ తన పాత షెర్మన్ ట్యాంకులతో అక్కడే నిలబడింది. సెప్టెంబరు 8 నుంచి 10 వరకు సాగిన పోరులో మన లెక్క ప్రకారం పాకిస్తాన్ 97 ట్యాంకులు పోగొట్టుకుంది.

ఓడిన సైన్యం గెలిచే సైన్యం ఎలా అయిందన్నారు. డివిజన్ అదే, లోపలి మనుషులు చాలావరకు వేరు, నడిపినవాళ్ళు పూర్తిగా వేరు. పైగా ఈసారి తవ్వుకోవడానికి, కాచుకోవడానికి రెండు రాత్రులు దొరికాయి. నేఫాలో 7వ బ్రిగేడుకు నదీగర్భంలో, శత్రువు కళ్ళ కింద నిలబడమని ఆజ్ఞ దొరికింది. 1971లో ఇదే డివిజన్ 2వ కోర్ కింద నదుల దేశమైన ఇప్పటి బంగ్లాదేశ్‌లో పోరాడింది, ఆ తర్వాత మళ్ళీ మామూలు పదాతి డివిజన్ అయింది.

ప్రశ్న: మా నాన్నగారు సికింద్రాబాద్‌లోని 54వ డివిజన్‌తో శ్రీలంక వెళ్ళి వచ్చారు. తర్వాత అది భోపాల్ కోర్ కిందకు వెళ్ళిందంటారు. సికింద్రాబాదుకూ భోపాలుకూ సంబంధం ఏమిటి? – గృహిణి, మల్కాజిగిరి

సంబంధం శ్రీలంకే తల్లీ. 1987లో ఒప్పందం కుదిరాక ముందుగా వెళ్ళినవాళ్ళలో 54వ డివిజన్ ఉంది. అక్కడ దళాలు పెరిగేకొద్దీ వాటిని నడిపే ప్రధాన కార్యాలయం కూడా పెరిగింది. 1990 మార్చిలో చివరి దళం తిరిగి వచ్చేసరికి, యుద్ధం నడిపిన అనుభవం ఉన్న ఒక పెద్ద కార్యాలయం ఖాళీగా మిగిలింది. దాన్ని మూసేయకుండా భోపాలుకు పంపి 21వ కోర్ చేశారు. 54వ డివిజన్ సికింద్రాబాదులోనే ఉంటూ దాని కిందకు వెళ్ళింది.

ఫార్మేషన్లు ఎక్కువగా ఇలాగే పుడతాయి. ఒక కష్టం వస్తుంది, దాని కోసం ఒక కార్యాలయం వస్తుంది, కష్టం తీరినా కార్యాలయం పోదు. 1962లో తేజ్‌పూర్‌లో 4వ కోర్ అలా పుట్టింది. కార్గిల్ తర్వాత 1999 సెప్టెంబరులో లేహ్‌లో 14వ కోర్ వచ్చింది. అవి అవసరం లేదని నేను అనను. 1999కి ముందు శ్రీనగర్‌లోని ఒకే కోర్ లోయనూ లద్దాఖునూ కలిపి చూసేది. అంత నేలను ఒక్క మనిషి చూడడం అయ్యే పని కాదు.

ప్రశ్న: మా వారు మద్రాస్ రెజిమెంటులో నాయక్. ఇప్పుడు రాష్ట్రీయ రైఫిల్స్‌కు పంపారు. రెజిమెంటు మారిపోయినట్టేనా? పదోన్నతికి, పింఛనుకు ఇబ్బంది వస్తుందా? – సైనికుడి భార్య, ప్రకాశం జిల్లా

ఏమీ మారలేదమ్మా, భయపడకండి. 1990లో కశ్మీరు ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడం కోసం పుట్టిన రాష్ట్రీయ రైఫిల్స్ (ఆర్ఆర్) నేరుగా ఎవరినీ భర్తీ చేసుకోదు. ఒక్కో ఆర్ఆర్ పటాలాన్ని ఒక్కో పదాతి రెజిమెంటుకు ముడిపెట్టారు. సగం మంది ఆ రెజిమెంటు నుంచి, మిగతావాళ్ళు ఫిరంగి, సిగ్నల్స్, సరఫరా లాంటి దళాల నుంచి. గడువు పూర్తికాగానే ఎవరి ఇంటికి వాళ్ళు. సీనియారిటీ, పదోన్నతి లెక్క, రికార్డులు అన్నీ మద్రాస్ రెజిమెంటు సెంటర్ ఉన్న వెల్లింగ్టన్ రికార్డ్స్‌లోనే ఉంటాయి. నేనూ వెళ్ళి వచ్చినవాణ్ణే. అక్కడ వంటవాడు పంజాబీ, రేడియో పట్టుకున్నవాడు బెంగాలీ. మొదటి నెలంతా సాంబారు కోసం పోరాటమే, ఉగ్రవాదులు ఆ తర్వాతే.

ప్రశ్న: మెక్ ఇన్‌ఫంట్రీలో చేరిన మా అన్నయ్య తమది నిజానికి 1 మద్రాస్ అంటాడు. పేరు వేరు, టోపీ వేరు, సెంటరూ వేరు. ఇంకా మద్రాస్ అనడం మొండితనం కాదా? – పాఠకుడు, చిత్తూరు

మొండితనమే. అలాంటి మొండితనం ఉండాలి కూడా.

1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీ (కవచ బండ్లలో కదిలే పదాతి) రెజిమెంటు కట్టేటప్పుడు, ఆ ఆలోచన వెనక ఉన్న జనరల్ సుందర్జీ ఒక కొత్త పద్ధతి పట్టారు. కొత్త కుర్రాళ్ళతో మొదలుపెట్టకుండా పాత రెజిమెంట్ల నుంచి అతి పాత పటాలాలను అడిగి తీసుకున్నారు. 1776 నాటి వారసత్వమున్న 1 మద్రాస్ అక్కడ 1 మెక్ అయింది. 1 సిక్కు 4 మెక్ అయింది. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో మొదట దిగిన పటాలం అది. 8 గూర్ఖా నుంచి మొదటి పటాలం 3 మెక్. ఇచ్చినవాళ్ళకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించండి. 1981లో నేను వెల్లింగ్టన్‌లో రంగరూటుగా ఉన్నప్పుడు మా డ్రిల్లు ఉస్తాద్ ఒకాయన 1 మద్రాస్ పేరెత్తితే మాట ఆపేసేవాడు. ఆయన సొంత పటాలం అది, ఆయన సెంటరులో పోస్టింగ్ మీద ఉండగా అది మెక్‌కు వెళ్ళిపోయింది.

ఇప్పుడు దీన్ని రెండో ప్రశ్న పక్కన పెట్టి చూడండి. 62వ పంజాబీస్ విషయంలో అంకె ఉంచి మనుషులను తీసేశారు. 1 మెక్ విషయంలో పేరు తీసి మనుషులను ఉంచారు. అదే సుబేదార్, అదే హవల్దార్, అదే లాన్స్ నాయక్ కలిసి నడక మాని బండెక్కారు. కాగితం మీద మొదటిది కొనసాగింపు, రెండోది మార్పు. నన్నడిగితే తారుమారు. పటాలం అంటే నా దృష్టిలో ఒక సెక్షన్ కమాండర్ తన పదిమందిలో ఎవరు రాత్రి దారి తప్పుతారో, ఎవరు మంచులో ముందు కూలబడతారో ఎరిగి ఉండడం. అది అంకెతో పాటు రాదు. మీ అన్నయ్య మొండిపట్టును అలాగే ఉండనివ్వండి.

ప్రశ్న: మా తమ్ముడు అగ్నివీర్‌గా శిక్షణలో ఉన్నాడు. రుద్ర బ్రిగేడ్లు, భైరవ్ పటాలాలు అంటూ కొత్త పేర్లు వింటున్నాం. వాటిలోకి వెళ్తాడా? పాత రెజిమెంట్లు పోతాయా? – డిప్లొమా విద్యార్థిని, ఖమ్మం

2025 జులై 26న ద్రాస్‌లో సైన్యాధిపతి జనరల్ ఉపేంద్ర ద్వివేది ఈ పేర్లు ప్రకటించారు. రుద్ర అంటే పదాతి, మెక్, ట్యాంకులు, ఫిరంగులు, ప్రత్యేక దళాలు, డ్రోన్లు ఒకే బ్రిగేడ్‌లో ఉండడం. ఇంతకుముందు యుద్ధం వచ్చాక అరువు తెచ్చుకునేవాటిని ముందే కట్టిపెట్టుకోవడం అన్నమాట. భైరవ్ అంటే సుమారు 250 మందితో తేలికైన కమాండో పటాలం. మామూలు పదాతి పటాలంలో కూడా డ్రోన్ల కోసం అష్ని ప్లటూన్ పెడుతున్నారు.

పాత రెజిమెంట్లు పోవు. అయితే ఇలాంటి ప్రకటన విన్నప్పుడల్లా నేను అడిగే ప్రశ్న ఒకటే: నఫ్రీ ఎక్కడి నుంచి? భైరవ్ కోసం మనుషులను కొత్తగా భర్తీ చేయడం లేదు, ఉన్న దళాల నుంచే తీస్తున్నారు. కాబట్టి మీ తమ్ముడు ముందు తన సొంత పటాలంలోకే వెళ్తాడు. అక్కడ చురుకుగా ఉంటే, ఎంపికలో నెగ్గితే, అటు వెళ్ళే అవకాశం ఉంటుంది.

2022లో వచ్చిన అగ్నిపథ్ గురించి నేరుగా అడగలేదు కానీ అడగాలనుకున్నారని తెలుస్తూనే ఉంది. నాలుగేళ్ళు, ఆ తర్వాత నూటికి పాతికమంది వరకు కొనసాగింపు. దానితో పాటే అన్ని ప్రాంతాలవాళ్ళను అన్ని రెజిమెంట్లలో కలపాలన్న ఆలోచన కూడా ఉంది. కలపడం నాకేమీ భయం కాదు. గార్డ్స్ 1949 నుంచి అలాగే ఉన్నారు, చక్కగా పోరాడారు. సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు 2020లో గల్వాన్‌లో నడిపించింది 16 బీహార్ పటాలాన్ని. నాకున్న సందేహం నాలుగేళ్ళ మీదే. మంచి లాన్స్ నాయక్ తయారవడానికి నా రోజుల్లో అంతకంటే ఎక్కువ కాలం పట్టేది. ఇప్పటి పిల్లలు మాకంటే చదువుకున్నవాళ్ళు, త్వరగా పట్టుకుంటారేమో. మీ తమ్ముడు సెలవుల్లో వచ్చినప్పుడు సెక్షన్‌లో తనకు పని నేర్పుతున్నది ఎవరో, ఆయనకు ఎంత సర్వీసో అడిగి నాకు రాయండి.

ప్రశ్న: మా ముత్తాత రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారు. ఇంట్లో ఒక పతకం, సగం చిరిగిన డిశ్చార్జి కాగితం ఉన్నాయి. ఆ దళం ఇప్పుడు ఏ పేరుతో ఉందో ఎలా తెలుసుకోవాలి? – పాఠకుడు, కాకినాడ

పతకం అంచు మీద భూతద్దం పెట్టి చూడండి. చాలావాటి మీద సర్వీసు నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. నంబరు దొరికితే సగం పని అయినట్టే. పదాతి అయితే మద్రాస్ రెజిమెంటు రికార్డ్స్, వెల్లింగ్టన్. శాపర్ అయితే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, బెంగళూరు. ఫిరంగి అయితే నాసిక్ రోడ్. ఉత్తరంలో నంబరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి జిల్లా రాయండి. ఇప్పటి జిల్లా రాస్తే వాళ్ళకు దొరకదు, మీ ప్రాంతానికి అప్పట్లో తూర్పు గోదావరి అని ఉంటుంది. ఇంటి పేరు ముందా వెనకా అన్నది కూడా రెండు రకాలుగా రాయండి. ఆనాటి గుమాస్తాలు ఇష్టమొచ్చినట్టు రాసుకున్నారు. డిశ్చార్జి కాగితం అసలు పంపకండి, నకలు చాలు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. యుద్ధం కోసం లేపి 1946లో రద్దు చేసిన దళం అయితే వారసులు ఉండకపోవచ్చు. అయినా రికార్డు ఉండే వీలుంది, రాయండి.